మార్కాపురం పలక తుక్కుతో అలుగు బొమ్మ చేయడం ఎలా

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీల వెనక గుట్టలు పోసిన తుక్కులోంచి ఒక ముక్క తీసి చూడండి. అరచేయంత వెడల్పు, ఒక పక్క మొన, మీద సన్నటి చారలు. అలుగు (ఇంగ్లీషులో పాంగోలిన్ అనే పొలుసుల అడవి జంతువు) ఒంటి మీది పొలుసు దాదాపు ఇట్టాగే ఉంటుంది. రాతకు పనికిరాదని పారేసిన ఆ ముక్కలతోనే ఒక అలుగును తయారుచేసి బడి ముందో, బస్టాండు పక్కనో, పంచాయతీ ఆవరణలోనో నిలబెట్టొచ్చు. అది వెనక కాళ్ల మీద లేచి నిలబడి ఉంటుంది. ముక్కు మీద కళ్లజోడు, పొట్ట మీద రాతపలక. దారినపోయేవాళ్లు ముందు నవ్వాలి, తర్వాత ఆగి పలక మీద ఏం రాసుందో చదవాలి. అంతకంటే పెద్ద ఆశయం ఈ బొమ్మకు అక్కర్లేదు.

ఉమ్మడి ప్రకాశం పడమటి మండలాల్లో, నల్లమల అంచున ఉన్న దోర్నాల, యర్రగొండపాలెం, గిద్దలూరు పక్కల పెద్దవాళ్లకు అలుగు పేరు కొత్త కాదు. చూసినవాళ్లు మాత్రం తక్కువ. రాత్రిపూట తిరిగి, పగలు బొరియలో పడుకునే జంతువు కదా. పులికి బోర్డులున్నాయి, పోస్టర్లున్నాయి, టీవీలో వార్తలున్నాయి. అలుగుకు అవేవీ లేవు. అందుకే బొమ్మ చేస్తే అలుగుదే చేయమంటాను.

ధర మాట ఎత్తకండి

సిమెంటు కలిపే ముందే తేల్చుకోవాల్సిన సంగతి ఇది. మందులకనీ ఉంగరాలకనీ పొలుసుల కోసం అలుగును వేటాడి దొంగచాటుగా అమ్ముతారు. దాని మీద వార్త వచ్చిందంటే తొలి వాక్యంలోనే లక్షల ధర కనిపిస్తుంది. చదివిన వందమందిలో తొంభైతొమ్మిది మంది అయ్యో అనుకుంటారు, మిగిలిన ఒక్కడికి అది బేరం. మంచి ఉద్దేశంతోనే మనం వాడికి రేటు చెప్పినవాళ్లమవుతాం. కాబట్టి బొమ్మ మీద గానీ, పక్కన పెట్టే బోర్డు మీద గానీ, ప్రారంభం రోజు మైకులో గానీ పొలుసుల ధర వినిపించకూడదు. "ఇంతకీ కిలో ఎంత ఉంటది సార్?" అని ఎవరో ఒకరు అడిగి తీరతారు. "ఏడేళ్లు" అని చెప్పండి. అబద్ధం కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) మొదటి షెడ్యూలులో, అంటే గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితాలో, అలుగు ఉంది. 2022 సవరణ తర్వాత, అలాంటి జంతువును వేటాడినా అమ్మినా మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా.

అలాగే ఎక్కడ కనిపించింది, ఏ గుట్ట దగ్గర బొరియ ఉంది అన్న వివరాలు కూడా వద్దు. మీ ఊరి పొలాల్లో ఈమధ్యే కనిపించినా సరే, బోర్డు మీద "మన నల్లమలలో" అన్నంత వరకే రాయండి.

ఇంకో మాట. నవ్వు జంతువు మీద ఉండకూడదు, మన మీద ఉండాలి. దానికి దొంగ వేషమో, జోకర్ టోపీయో వేస్తే పిల్లలు నవ్వుతారు గానీ జంతువు చులకనవుతుంది. కళ్లజోడు వేరు. అలుగుకు నిజంగానే చూపు తక్కువ, చీమల్నీ చెదల్నీ వాసనతోనే వెతుక్కుంటుంది. వేషం కూడా ఒక నిజాన్ని మోస్తుంటే ఆ నవ్వు ఎబ్బెట్టుగా ఉండదు.

కొలతలు

మన దేశపు అలుగు ముక్కు నుంచి తోక మొదలు వరకు 51 నుంచి 75 సెంటీమీటర్లు ఉంటుంది. తోక ఇంకో 33 నుంచి 47. బరువు 10 నుంచి 16 కిలోలు. పొలుసులు మొత్తం 160 నుంచి 200, అందులో 40 నుంచి 46 శాతం ఒక్క తోక మీదే. ఒక్కో పొలుసు పొడవు ఆరున్నర, ఏడు సెంటీమీటర్లు. వీపు మీద అడ్డంగా లెక్కపెడితే అవి 11 నుంచి 13 వరుసల్లో అమరి ఉంటాయి.

బొమ్మను అసలుకు రెట్టింపు చేయండి. ఒళ్లు నాలుగున్నర అడుగులు, తోక రెండున్నర అడుగులు, పొలుసు 13-14 సెంటీమీటర్లు. తుక్కులో ఈ కొలత ముక్కలు తేలిగ్గా దొరుకుతాయి. రెట్టింపుకు మించితే బరువు పెరిగి పునాది ఖర్చు మీద పడుతుంది, తగ్గిస్తే చిన్న ముక్కలు కోయలేక చేతులు నొప్పి పుడతాయి.

నిలబెట్టే భంగిమ కల్పించింది కాదు. అలుగు అప్పుడప్పుడు వెనక కాళ్ల మీద లేచి, తోక నేలకు ఆనించి వాసన చూస్తుంది. మనకు ఇది రెండు విధాల కలిసొస్తుంది. రెండు కాళ్లు, ఒక తోక కలిపి మూడు ఆధారాలు కాబట్టి బొమ్మ ఊగదు. పైగా పొట్ట మనవైపు తిరిగి ఉంటుంది. అలుగుకు పొట్ట మీదా, కాళ్ల లోపలి వైపూ, మూతి మీదా పొలుసులుండవు. భయమేస్తే ఉండలా చుట్టుకునేది ఆ మెత్తటి పొట్టను దాచుకోవడానికే. సరిగ్గా ఆ ఖాళీలోనే మనం రాతపలక బిగిస్తాం.

కావలసినవి

పలక తుక్కు ఆటోకు సగం. 12 ఎంఎం, 8 ఎంఎం ఇనుప చువ్వలు, బైండింగ్ వైరు, కోళ్ల గూళ్లకు వాడే జాలీ. సిమెంటు నాలుగు బస్తాల లోపే సరిపోతుంది, పునాదితో కలిపి. సన్న ఇసుక, పునాదికి కంకర. తొందరగా తుప్పు పట్టని జీఐ (జింకు పూత) తీగ, లేదంటే రాగి తీగ. ఎర్ర ఆక్సైడ్ రంగు కొంచెం, తెల్ల సిమెంటు కొంచెం. పాత సైకిల్ చైను ఒకటి, దాని పని తర్వాత చెబుతాను. చీమకుర్తి వైపు మీకు తెలిసినవాళ్లుంటే పీఠానికి గ్రానైట్ తుక్కు ముక్కలు అడగండి. నల్లరాతి మీద బొమ్మ బాగా ఎత్తి కనిపిస్తుంది.

మనుషుల విషయానికొస్తే, ఒక బేల్దారి మేస్త్రి, ఒక వెల్డింగ్ పని తెలిసినాయన, పలకలు కోసే అలవాటున్న ఒకరు. ఈ మూడోవాళ్లు దొరికితే సగం పని అయిపోయినట్టే. రాయి ఏ పొర దగ్గర చీలుతుందో వాళ్ల వేళ్లకు తెలుసు.

పలకలు ఏరడం, కోయడం

ఫ్యాక్టరీ యజమానిని అడక్కుండా దిబ్బ మీద చేయి వేయొద్దు. అడిగి, ఏం చేయబోతున్నారో చెబితే తుక్కు ఇవ్వడానికి ఎవరూ వెనకాడరు.

5 నుంచి 8 మిల్లీమీటర్ల మందం ఉన్న ముక్కలే తీసుకోండి. ప్రతి ముక్కనూ రెండు వేళ్ల మధ్య వేలాడదీసి గోరుతో గానీ చిన్న రాయితో గానీ తట్టండి. ఖంగున మోగితే మంచిది. బొద్దుగా, చప్పగా శబ్దం వస్తే లోపల పొర విడిపోయి ఉన్నట్టు. అలాంటిది బిగించాక మొదటి ఎండాకాలంలోనే రెండుగా చీలిపోతుంది. నల్లవి, బూడిదరంగువి, గోధుమ ఛాయవి కలిసి వచ్చినా పర్వాలేదు, కలిస్తేనే అందం. ముదురువి వీపు మధ్యకు, లేతవి పక్కలకు అని బడి పిల్లలతో ఏరించండి.

అట్ట మీద గీసుకుని రేకుతో మూడు ఫర్మాలు కత్తిరించుకోండి. పెద్దది వీపుకు (13-14 సెం.మీ. పొడవు, 15 వెడల్పు), నడిమిది పక్కలకూ తోకకూ, చిన్నది తలకూ కాళ్లకూ. ఆకారం డాలులా కాకుండా, పై అంచు తిన్నగా, కింద అంచు గుండ్రంగా వచ్చి కొంచెం మొన తేలేట్టు గీయండి. ఫర్మాను పలక మీద పెట్టి మేకుతో గీత గీయాలి. తర్వాత ఒక ఇనుప యాంగిల్ అంచు మీద పలకను ఆనించి, గీత బయట ఉన్న భాగాన్ని చిన్న సుత్తితో కొద్దికొద్దిగా కొట్టుకుంటూ రావాలి. గ్రైండరుతో కోస్తే అంచు రంపం పెట్టినట్టు తిన్నగా వచ్చి ప్రాణం లేనట్టుంటుంది. చేత్తో కొడితే అంచు పలచబడుతూ పొరలు పొరలుగా విరుగుతుంది, పొలుసుకు కావాల్సింది అదే. పై అంచు దగ్గర రెండు రంధ్రాలు వేయాలి. డ్రిల్లు మిషన్ను హ్యామర్ మోడ్‌లో పెట్టకండి, 4 ఎంఎం బిట్టుతో మామూలుగా తిప్పుతూ నీళ్ల చుక్కలు వేస్తుండాలి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. పలకరాతి పొడిలో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ దుమ్ము పీల్చినవాళ్లకు సిలికోసిస్ వస్తుంది, దాన్ని నయం చేసే మందు లేదు. మీది కొద్దిరోజుల పనే కావచ్చు, అయినా రాయిని తడిపే కోయండి, తడిపే రంధ్రం వేయండి. ఎన్95 మాస్కు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. మూతికి తుండుగుడ్డ కట్టుకుంటే చాలనుకోవద్దు, అంత సన్నటి దుమ్మును అది ఆపలేదు. ఆరిన పొడిని చీపురుతో ఊడవకుండా నీళ్లు చల్లి ఎత్తేయండి. కోత జరిగే చోటికి పిల్లల్ని రానివ్వొద్దు. కోసి, కడిగి, ఆరబెట్టిన ముక్కలే వాళ్ల చేతికివ్వాలి. మేకుతో ప్రతి పొలుసు మీదా మొదలు దగ్గర సన్నగా చారలు గీయడం వాళ్ల వంతు. అసలు పొలుసు మీద కూడా ఆ చారలుంటాయి. పని మధ్యలో ఎవరైనా గోరు చూసుకుని పొలుసుతో పోల్చుకుంటే, మీ పాఠం సగం చెప్పినట్టే. రెండూ కెరటిన్‌తో తయారైనవే.

బిగించేవి రెండొందలైనా, విరిగేవి కలుపుకుని 250 దాకా కోసి పెట్టుకోండి. పెద్ద ముక్క ఒకటి పావుకిలో తూగుతుంది, కాబట్టి పొలుసుల బరువే 50 నుంచి 60 కిలోలు. సిమెంటు, ఇనుము కలిపితే బొమ్మ 300 కిలోల దగ్గరికి వస్తుంది. ఒకచోట చేసి ఇంకోచోటికి మోద్దామనుకుంటే కుదరదు, నిలబెట్టే చోటే చేయండి.

పునాది, ఎముకల గూడు

నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, ముప్పావు అడుగు లోతు గుంత. నల్లరేగడి నేలైతే ఇంకో అడుగు తవ్వి, గ్రావెల్ నింపి గట్టిగా దిమ్మిస కొట్టించండి. రేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చి పునాదిని పక్కకు ఒరిగిస్తుంది. 1:2:4 కాంక్రీటు (సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు) పోసేటప్పుడే రెండు కాళ్లకూ తోకకూ 12 ఎంఎం చువ్వలు లోపల ఎల్ ఆకారంలో వంచి దిగేయాలి.

తల నుంచి తోక కొన దాకా 12 ఎంఎం చువ్వలు రెండు, అతుకు లేకుండా. ఇదే వెన్నెముక. తోకవైపు వంపు నేలకు ఆనేట్టు, నడుము దగ్గర కొంచెం ముందుకు వంగేట్టు ఉండాలి. నిటారుగా నిలబెడితే పోలీసులా కనిపిస్తుంది, అలుగు భంగిమలో ఎప్పుడూ ఒక బిడియం ఉంటుంది. దాని చుట్టూ 8 ఎంఎం రింగులు అరడుగుకొకటి. పొట్ట దగ్గర అడుగున్నర వ్యాసం, మెడ దగ్గరికి సన్నబడి, మూతి దగ్గర గరాటు కొనలా ముగియాలి. మెడ, తల వేరుగా కనబడకూడదు. ముందు కాళ్లు పొట్టి, గోళ్లు పెద్దవి, మధ్య గోరు అన్నిటికంటే పొడుగు. చెదపుట్టల్ని తవ్వేది వాటితోనే. నడిచేటప్పుడు ఆ గోళ్లు అరగకుండా లోపలికి మడుచుకుంటుంది. 12 ఎంఎం చువ్వ ముక్కల్ని వంచి, కొనలు గుండ్రంగా అరగదీసి గోళ్లు పెట్టండి.

గూడు మీద జాలీ రెండు పొరలు బిగుతుగా చుట్టి కట్టాలి. ఈ దశలో పదడుగులు వెనక్కి నడిచి చూడండి. అలుగు ఆకారం ఇప్పుడే కనబడకపోతే పొలుసులు పెట్టాకా కనబడదు. వైరు విప్పి వంచుకోవడం ఇప్పుడు నిమిషాల పని.

1:3 మాలు (ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్లు ఇసుక) రెండు పూతలు. మొదటి పూత జాలీ లోపలికి దిగేట్టు వేసి, ఆరకముందే తాపీ కొనతో గీతలు గీయండి. రెండో పూత మర్నాడు. ఆపైన వారం రోజులు తడి గోనె సంచులు కప్పి నీళ్లు పట్టాలి. అందుకే ఈ పని ఎండాకాలం పెట్టుకోవద్దంటాను, మన పడమటి ఎండకు పొద్దున వేసిన పూత మధ్యాహ్నానికి పగులు చూపిస్తుంది. ఫిబ్రవరిలో మూడో శనివారం ప్రపంచ అలుగుల దినం. సంక్రాంతికి ముందు పునాది, గూడు అయిపోతే, పండగ తర్వాత పూత, పొలుసులు పెట్టుకుని ఆ శనివారానికి చేతులు కడుక్కోవచ్చు.

పొలుసులు ఎక్కించడం

పెంకుటిల్లు నేసినట్టే కింది నుంచి పైకి రావాలి. మొదటి ముక్క తోక కొన దగ్గర, చివరి ముక్క నుదుటి మీద. పై వరుస ముక్క కింది వరుస రెండు ముక్కల సందును కప్పాలి, పొడవులో సగం కింద దాగి సగం బయటికి కనబడాలి. మొనలన్నీ తోకవైపే చూడాలి. తోక అడుగుభాగంలో కూడా పొలుసులుంటాయి, నేలకు ఆనేది ఎవరు చూడొచ్చారని వదిలేయకండి. చిన్న పిల్లలు వంగి చూసేది ముందు అక్కడే.

ఒక్కో ముక్క వెనక భాగాన్ని తడిగుడ్డతో తుడిచి దుమ్ము లేకుండా చేయండి, లేకపోతే మాలు పట్టదు. రంధ్రాల్లోంచి తీగ దూర్చి జాలీకి కట్టడానికి వీలుగా, పూత వేసేటప్పుడే వరుసకొక తీగ కొనలు బయటికి వదిలి ఉంచుకుంటే గొడవుండదు. తీగ కట్టి, వెనక మాలు పెట్టి, నొక్కి, మొన కొంచెం పైకి లేచి ఉండేట్టు వదలండి. అన్నీ ఒంటికి అతుక్కుపోతే చేప అనుకుంటారు. రోజుకు మూడు నాలుగు వరుసలు మించొద్దు. కింది వరుసలు గట్టిపడకుండా పైవి ఎక్కిస్తే బరువుకు జారతాయి.

పొలుసుల లెక్క 200 దాటినా ఎవరూ తప్పు పట్టరు. వీపు మీద అడ్డంగా లెక్కపెట్టే వరుసలు 11 నుంచి 13 లోపు ఉండేట్టు మాత్రం చూసుకోండి, ఆకారం గుర్తుపట్టేది దాని వల్లే.

పిల్లల చేయి అందే ఎత్తు దాకా ప్రతి అంచునూ కార్బొరండం రాయితో రుద్ది మొద్దు చేయాలి. బొమ్మను తడిమి చూడకుండా ఏ పిల్లాడూ ఉండడు, తడిమి చూడాలనే కదా చేస్తున్నాం. పలకకు వార్నిషు, నల్లరంగు పూయకండి. వాన పడినప్పుడు దానంతటదే నిగనిగలాడుతుంది.

మూతి, నాలుక, కళ్లజోడు

పొలుసులు లేని మూతికీ పొట్టకూ తెల్ల సిమెంటులో చిటికెడు ఎర్ర ఆక్సైడ్ కలిపి పలుచటి పూత వేస్తే లేత గులాబీ కలిసిన మట్టిరంగు వస్తుంది. కళ్లు చిన్నవి, నల్లవి. పెద్దకళ్లు పెట్టాలనే ఆశ అందరికీ పుడుతుంది, అణుచుకోండి. కళ్లజోడు ఉండనే ఉంది. 6 ఎంఎం చువ్వతో గుండ్రటి ఫ్రేము చేసి ముక్కు మీదికి జారినట్టు పెడితే పాతకాలం పంతులుగారి కళ వస్తుంది.

నోట్లో పళ్లు చెక్కొద్దు. అలుగుకు పళ్లుండవు, మింగినదాన్ని కడుపులోనే నలగ్గొట్టుకుంటుంది. నాలుక మాత్రం తలకంటే పొడవు, దాని మొదలు గొంతు దాటి ఛాతీ ఎముక దాకా ఉంటుంది. సన్న చువ్వను ఒంపులు తిప్పి, పలుచగా పూత వేసి, అడుగు పొడవున బయటికి చాపండి. సైకిల్ చైను పని ఇక్కడ. మూడేసి లింకులు విడదీసి, బైండింగ్ వైరుతో ఆరు కాళ్లు కడితే చీమ అయిపోయింది. నాలుక మీద అయిదారు, పీఠం మీద బారులు తీరినవి ఓ ముప్పై. బారులో చివరి చీమను వెనక్కి తిప్పి పెట్టండి, పారిపోతున్నట్టు. అది కనిపెట్టడానికే పిల్లలు మళ్లీ మళ్లీ వస్తారు.

అలుగు సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది. తల్లి తోక మొదట్లో ఎక్కి అది సవారీ చేస్తుంది. ఓపికుంటే అడుగున్నర పిల్లను తోక మీద కూర్చోబెట్టి, చేతికి చిన్న పలక ఇచ్చి, "అ – అలుగు" అని చెక్కించండి.

ఇంత పని మనవల్ల కాదనుకునేవాళ్లు ఉండచుట్టుకున్న అలుగుతో మొదలుపెట్టొచ్చు. పాత కుండ బోర్లించి, జాలీ చుట్టి, ఒక పూత వేసి, నడిమి ముక్కలు చుట్టూ ఎక్కించి, పక్కన తోక కొన ఒకటి బయటికి చూపిస్తే చాలు. చిన్న బడికి అదే ముచ్చటగా ఉంటుంది.

సముద్రం వైపు, కొత్తపట్నం, తుమ్మలపెంట, మైపాడు పక్కల ఉన్నవాళ్లయితే అలుగు కాకుండా ఆలివ్ రిడ్లే తాబేలు చేయండి. మీ ఊరి ఇసుకలో గుడ్లు పెట్టడానికి వచ్చి, ట్రాలర్ వలల్లో ఊపిరాడక చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చేది అదే. సిమెంటు మోసే పాత తట్ట బోర్లిస్తే వీపు వచ్చేస్తుంది. వీపు పక్క పలకలు రెండు వైపులా ఆరేసో ఏడేసో పెట్టండి. ఒక వైపు ఒకటి ఎక్కువైనా తప్పు కాదు, ఈ తాబేలుకు నిజంగా అట్టా తేడాగా ఉంటాయి.

పొట్ట మీది పలక

అడుగున్నర ఎత్తు, అడుగు వెడల్పు ఉన్న మంచి నల్లపలకను తుక్కులోంచి కాకుండా కొనే తెచ్చుకోండి. ఇనుప ఫ్రేములో పెట్టి నాలుగు బోల్టులతో బిగించాలి, పగిలితే మార్చుకునేట్టు. ముందు కాళ్లు రెండూ దాన్ని పట్టుకున్నట్టు ఉంటే బాగుంటుంది. వారానికొకసారి బడిపిల్లలే సుద్దముక్కతో కొత్త మాట రాయాలి. శాశ్వతంగా చెక్కిన మాటను జనం ఒక్కసారే చదువుతారు. సోమవారం సోమవారం మారే మాట కోసం టీ తాగేవాళ్లు కూడా ఓ చూపు చూస్తారు.

మాటలు మన యాసలో, పొట్టిగా ఉండాలి. కొన్ని మచ్చుకు:

నా పొలుసూ మీ గోరూ ఒకటే సరుకు. మందు కావాలంటే మీ గోళ్లే గీక్కోండి.

చెదలు నాకు టిఫిను. మీ తలుపులకు కాపలా.

కిలో ఎంతంటారా? ఏడేళ్లు.

చీమకుర్తి దాకా పోయొచ్చా, ఒక్క చీమన్నా దొరకలా.

నేను కనబడితే సెల్ఫీ వొద్దబ్బా, సిగ్గు. ఫారెస్టోళ్లకు చెప్పండి.

"వేటాడరాదు, శిక్షార్హులు" లాంటి సర్కారు భాష పలక మీదికి రానివ్వకండి. దానికి వేరే బోర్డుంది.

ఆ వేరే బోర్డు బొమ్మకు నాలుగడుగుల దూరంలో, చిన్నదిగా, రంగుతో రాయించండి. అందులో మూడు సంగతులు చాలు. అలుగు మొదటి షెడ్యూలు జంతువు, శిక్ష ఇది. 2017 నుంచి ప్రపంచంలోని ఎనిమిది రకాల అలుగుల అంతర్జాతీయ వ్యాపారం మీదా నిషేధం ఉంది. కనిపిస్తే మీ అటవీ రేంజి ఆఫీసుకు చెప్పండి, వాళ్లు దొరక్కపోతే 112. రేంజి ఆఫీసు నంబరును మీరే వెళ్లి అడిగి, పనిచేస్తుందో లేదో ఒకసారి చేసి చూసి, అప్పుడు రాయించండి.

అనుమతులు, ప్రారంభం రోజు

బడిలో అయితే హెడ్మాస్టరు, ఊళ్లో అయితే పంచాయతీ తీర్మానం. రోడ్డు పక్కనైతే ఆర్ అండ్ బీ వాళ్ల అనుమతి లేకుండా గుంత తవ్వొద్దు, రేపు రోడ్డు వెడల్పు చేస్తే మొదట లేచేది మీ బొమ్మే. అడవి హద్దులో అటవీశాఖ అనుమతి తప్పదు. ఎటూ అడుగుతారు కాబట్టి ప్రారంభానికి రేంజరునే పిలవండి. వీలైతే అడవిలో కాపలా తిరిగే చెంచు వాచర్లలో ఒకరిని మాట్లాడమనండి. వేదిక మీది మిగతా అందరికంటే వాళ్లకే ఎక్కువ తెలుసు, ఎక్కువసేపు మైకు వాళ్లకే ఇవ్వండి. ఎక్కడ చూశారని మాత్రం జనంలో అడగొద్దు.

పిల్లలు అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. కరుస్తుందా? పళ్లే లేవు. ఇంట్లో పెంచుకోవచ్చా? నేరం, పైగా బోనులో పెడితే చాలాసార్లు తిండి మానేసి చచ్చిపోయే జంతువు. పొలుసు ఉంగరం పెట్టుకుంటే మంచిదట కదా? గోరు ఉంగరం పెట్టుకుంటే ఏమొస్తుందో అదే వస్తుంది. చైనా మందుల్లో వాడతారట కదా? 2020లో వాళ్ల అధికారిక మందుల గ్రంథంలోని ముడిసరుకుల జాబితా నుంచే పొలుసుల్ని తీసేశారు. పొలంలోకి వస్తే ఏం చేయాలి? దీనికి మాత్రం నెమ్మదిగా జవాబు చెప్పండి. తాకొద్దు, కర్రతో కదిలించొద్దు, నీళ్లు పోయొద్దు. కుక్కల్ని కట్టేసి, జనాన్ని దూరంగా ఆపి, ఫోన్ చేయాలి. భయపడితే ఉండచుట్టుకుని కదలకుండా ఉంటుంది, పులి పళ్లకు లొంగని ఆ ఉండను మనిషి సంచిలో వేసుకుపోగలడు. ఫోటో తీసి ఊరి పేరుతో వాట్సాప్‌లో పెట్టడమంటే ఆ సంచివాడికి చిరునామా ఇవ్వడమే. అడవి పందుల కోసమని చేను చుట్టూ కరెంటు తీగ పెట్టే అలవాటు మీ వైపు ఉంటే ఆ మాట కూడా ఇక్కడే ఎత్తండి. ఆ తీగకు పందేదో, అలుగేదో, తెల్లారగట్ట నీళ్లు పెట్టడానికొచ్చిన మనిషెవరో తెలియదు.

బొమ్మ నిలబడ్డాక ఏడాదికొకసారి, వానలకు ముందు, ప్రతి పొలుసునూ వేలితో కదిపి చూడండి. ఊగితే తీగ తుప్పు పట్టిందో, మాలు వదిలిందో అన్నట్టు. పగిలిన ముక్కను ఉలితో తీసేసి కొత్తది ఎక్కించాలి, అందుకే కోసి మిగిలిన పొలుసుల్ని గోనెసంచిలో కట్టి బడి స్టోరు రూములో పెట్టించుకోండి, ఫర్మాలతో సహా. సుద్దముక్కల పెట్టె మాత్రం స్టోరులో వద్దు. ఈ వారం మాట రాసే వంతు ఎవరిదో వాళ్ల బల్లలోనే ఉండాలి.